గోడల దాకా వచ్చిన ఇల్లు

ఆ రోజు లింగస్వామి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే తల్లి బిక్షమ్మను మంచంతో సహా ట్రాలీ ఆటోలోకి ఎక్కించాలి, రెండు వీధుల అవతల కడుతున్న సొంత ఇంటి దగ్గర దించాలి, పంచాయతీ సెక్రటరీ వచ్చి ఫోటో తీసుకోగానే మళ్లీ తెచ్చి కిరాయి గదిలో పడుకోబెట్టాలి. ఎండ ముదరక ముందే అయిపోయే పని. ఆ తర్వాత వడ్ల కొనుగోలు సెంటర్‌లో హమాలీ పనికి కూడా పోవచ్చనుకున్నాడు. ఇంత చిన్న ప్లానులో చెడిపోవడానికి ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. లింగస్వామికీ అలాగే అనిపించింది, పాపం.

ఇల్లు బిక్షమ్మ పేరు మీద మంజూరైంది. జాగా ఆమెది కాబట్టి ఇందిరమ్మ ఇల్లూ ఆమెదే. సర్కారు సొమ్ము ఒక్కసారే చేతికి రాదు. పునాది లేస్తే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే మరికొంత. ప్రతిసారీ సెక్రటరీ సెల్‌ఫోన్ పట్టుకుని వచ్చి, కట్టినంత మేరకు ఆ కట్టడం ముందు ఇంటామెను నిలబెట్టి ఫోటో తీస్తుంది. ఆ ఫోటో పైకి పోతేనే బిల్లు కిందికి వస్తుంది. పునాది ఫోటోకు బిక్షమ్మ తన కాళ్ల మీదే నడిచొచ్చి, కొంగు సర్దుకుని, ఫోటో తీసే అమ్మాయికే ఎక్కడ నిలబడాలో చెప్పింది. గోడలు లేచేసరికి మంచాన పడింది.

నల్లగొండ దవాఖానలో డాక్టరు అన్నీ చూసి, "ఇంటికి తీసుకపోండి. ఏది తింటనంటే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం కొడుకు కంటే ముందు తల్లికే తెలిసింది.

"ఏ ఇంటికి తీస్కపోతవురా?" అంది తిరిగొచ్చే దారిలో. "పాతది కూలగొడితిరి, కొత్తది లేవకపాయె. నేను కిరాయింట్ల మాత్రం సావ. మీ నాయిన ఏ జాగకెళ్లి ఎల్లిండో నన్ను గూడ గా జాగకెళ్లే ఎల్లదియ్యాలె. మాటియ్యి."

తండ్రి శవం లేచిన జాగాలోంచే తల్లినీ సాగనంపుతానని లింగస్వామి మాటిచ్చాడు. ఇచ్చాక ఇంక అతనికి నిద్ర లేదు. తన తల్లీ తండ్రీ కలిసి మట్టి తొక్కి పెట్టిన గోడలను సర్కారు ఇల్లు వస్తుందన్న సంబరంలో తన చేతులతోనే పడగొట్టాడు. ఇప్పుడు ఆ తల్లికి ఊపిరి ఉండగానే ఆ జాగాలో ఒక కప్పు వేయించాలి. ఫోటో అయితే బిల్లు, బిల్లు వస్తే ఇనుము, ఇనుము వస్తే స్లాబు. అతని లోకమంతా ఆ ఫోటో దగ్గర ఆగిపోయి ఉంది.

కిరాయి గది ఓనరు, పై వాటాలో ఉండే గుర్వయ్య సంగతి కూడా చెప్పాలి. ఆయన చెడ్డవాడేమీ కాదు, రిటైరైన బస్సు కండక్టరు. కానీ నాలుగైదేళ్ల కిందట అదే గదిలో కిరాయికున్న ఒకాయన హఠాత్తుగా పోయాడు. అయ్యగారు పంచాంగం చూసి, చెడు నక్షత్రంలో ప్రాణం పోయింది కాబట్టి ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాల్సిందే అన్నాడు. గుర్వయ్య ఇంటికి తాళమేసి, దర్వాజకు కంప అడ్డం పెట్టి, భార్యతో భువనగిరిలో అల్లుడి పంచన చేరాడు. అల్లుడింట్లో ఆరు నెలలు టీవీ రిమోట్ ముట్టుకోకుండా బతికిన మనిషికి ఆ భయం ఉండదా మరి! గది ఇచ్చేటప్పుడే, "లింగస్వామీ, నీకు తెల్వంది గాదు. పెద్దమనిషి ఉన్నది గద, ఏమన్న అయ్యేటట్టుంటే ముందుగాల్నే చెప్పాలె" అన్నాడు, ఆ మాటకు తానే సిగ్గుపడి నేల చూస్తూ.

అందుకని నెల రోజులుగా ఆ గదిలో ఒక నాటకం నడుస్తోంది. గుర్వయ్య చెప్పుల చప్పుడు వినిపించగానే లింగస్వామి భార్య ప్రమీల అత్తను లేపి, వీపు వెనక రెండు దిండ్లు పెట్టేది. "అత్త ఇప్పుడే రెండు జొన్నరొట్టెలు తిన్నది సారూ" అని అడగకపోయినా చెప్పేది. బిక్షమ్మ కూడా తన వంతు ఆట బాగానే ఆడేది. "ఏం గుర్వయ్యా, నీ మోకాళ్లెట్లున్నయ్? జర దవాఖానకన్న పోరాదు, మనిషివి గుంజుకపోతున్నవ్" అని ఉన్న ఊపిరంతా కూడగట్టి పలకరించేది. గుర్వయ్య తన మోకాళ్ల మీద దిగులుతో వెళ్లిపోయేవాడు. ఆయన మెట్లెక్కిన చప్పుడు వినబడ్డాకనే ఆమె దిండ్ల మీదినుంచి పక్కకు ఒరిగేది.

ఫోటో రోజున ఆ నాటకం బయటపడకూడదని, గుర్వయ్య లేవకముందే చప్పుడు లేకుండా మంచం దాటించాలని అనుకున్నారు. ఇల్లు కడుతున్న మేస్త్రీ తాజుద్దీన్ సెంట్రింగ్ చెక్కలు మోసే తన ట్రాలీ ఆటోను ఇంజన్ ఆపి, తోసుకుంటూ తెచ్చి వాకిట్లో పెట్టాడు. లింగస్వామి తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టి, భుజాన తువ్వాల వేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని ఒంటికి వేసుకోకుండా చేతికి తగిలించుకున్నాడు. ఫోన్ గదిలోనే చార్జింగుకు పెట్టి మరిచిపోయాడు. జ్వరం మీదున్న బిక్షమ్మ, "సలివెడ్తాంది" అంటూ తెల్ల దుప్పటి తానే నెత్తి మీద దాకా లాక్కుంది. కుండ నీళ్లు తప్ప అత్త తాగదని ప్రమీల కొత్త కుండ నిండా నీళ్లు పట్టి సంకన పెట్టుకుని ఆటో వెనకే నడిచింది.

అంతవరకు ఉన్నా సరిపోయేది. వీధి మలుపులో, నాలుగు రోజులుగా ఏమీ ముట్టని బిక్షమ్మ దుప్పట్లోంచి, "జొన్న పేలాలు తెమ్మంటి, తెచ్చినవా?" అని అడిగింది. లింగస్వామికి ప్రాణం లేచొచ్చింది. మంచం కింద పెట్టిన సంచి తెరవబోతే ఆటో గుంతలో పడి సంచి చినిగి, సగానికి సగం తెల్లటి పేలాలు దారి పొడవునా రాలుతూ పోయాయి.

గుర్వయ్య అప్పటికే లేచాడు. డాబా మీద వేపపుల్ల నములుతూ నిలబడ్డాడు. తడి నెత్తితో, పంచెతో కొడుకు, వెనక కుండతో కోడలు, మంచం మీద నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్ల దుప్పటి, దారంతా పేలాలు. చూసినవాడు ఏమనుకోవాలి? ఆయన వేపపుల్ల జారి కింద పడింది. "అయ్యో బిక్షమ్మక్కా" అని నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మరుక్షణం ఇంకో సంగతి తోచింది. తెల్లారకముందే గప్‌చుప్‌గా ఎత్తుకుపోతున్నారంటే ప్రాణం తన గదిలోనే పోయిందన్నమాట!

ఆ తర్వాత గుర్వయ్య ఏమేం చేశాడో లింగస్వామికి మధ్యాహ్నం దాకా తెలియదు. లింగస్వామి నంబరుకు చేస్తే ఫోను గదిలోనే మోగింది. దాంతో హుజూర్‌నగర్‌లో ఉన్న బిక్షమ్మ కూతురు శ్రీదేవికి చేశాడు. అయ్యగారికి చేశాడు. పంచాయతీ ఆఫీసుకు చేశాడు. డప్పుల మైసయ్యకు చేశాడు. కండక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఊళ్లో ఒక్కరినీ వదలకుండా అందరికీ టికెట్ కొట్టాడు. అయ్యగారు అటువైపు పంచాంగం తిప్పి, "మంచిగ లేదు గుర్వయ్యా, ఆరు నెలలే" అన్నాడు. గుర్వయ్య భార్య ఆ మాట విన్నదే ఆలస్యం, సంచి సర్దుకుని భువనగిరి బస్సెక్కింది. గుర్వయ్య గదిలోని సామాను వాకిట్లో పెట్టించి, నేలంతా కడిగి, తాళం వేశాడు. మోగుతున్న ఫోను మాత్రం లోపలే ఉండిపోయింది.

ఇక్కడ కొత్త ఇంట్లో తాజుద్దీన్, లింగస్వామి మంచం దించారు. గోడలు నాలుగు వైపులా లేచాయి, దర్వాజ నిలబెట్టి పసుపు కుంకుమ పెట్టారు, పైన మాత్రం ఆకాశం. "నెత్తి దక్షిణం దిక్కు పెట్టు భాయ్, పడమటి దిక్కు పెట్టినవంటే పెద్దమ్మ కండ్లల్ల ఎండ కొడ్తది" అని తాజుద్దీన్ మంచం తిప్పించాడు. బిక్షమ్మ దుప్పటి తీసి చుట్టూ చూసింది.

"పొయ్యి ఎక్కడొస్తదిరా?"

"గా మూలకే అమ్మా."

"పాతింట్ల గూడ గాడనే ఉండె." ఆమె కాసేపు ఆ మూలనే చూసింది. "మీ నాయిన గిక్కడ్నే కూసొని తింటుండె. అర్రలు చిన్నగున్నయ్ గని గాలి మంచిగొస్తాంది."

"కప్పు లేదు గద అమ్మా, గాలి రాక ఏం జేస్తది" అన్నాడు లింగస్వామి, నవ్వడానికి ప్రయత్నించి.

రావలసిన సెక్రటరీ సుస్మిత ఎంతకీ రాలేదు. చూసి చూసి, నేను పోయి తీసుకొస్తానని తాజుద్దీన్ ఆటోలో పంచాయతీ ఆఫీసుకు పోయాడు. ఆఫీసుకు తాళం ఉంది. సుస్మిత అదే సమయంలో బంతిపూల దండ కొనుక్కుని గుర్వయ్య ఇంటి వైపు స్కూటీ మీద పోతోంది. పునాది ఫోటో రోజున తనకు జామకాయ చేతిలో పెట్టిన ముసలమ్మ అంటే ఆ పిల్లకు ప్రేమ. పైగా డ్యూటీ కూడా చేసింది. ఇల్లు మంజూరైనామె పోయిందని పై సార్‌కు ఫోన్ చేసి చెప్పింది. సార్, అయితే ఆ ఇంటి పని అక్కడే ఆపెయ్ అన్నాడు.

లింగస్వామికి ఇవేవీ తెలియవు. గోడ నీడలో కూర్చుని దారి చూస్తున్నాడు. ఇంతలో దూరంగా డప్పులు వినిపించాయి.

"ఎవరో పోయినట్టున్నరు" అన్నాడు భార్యతో.

"ఎవరుంటరు? రత్తయ్య తాతకు మంచిగ లేదంటుండ్రు" అంది ప్రమీల.

"పాపం, మంచి మనిషి" అంది బిక్షమ్మ మంచం మీదినుంచి. "లింగస్వామీ, ఫోటో అయినంక నువ్వు పోయి జర మొఖం చూసి రా. గా డప్పు మైసయ్యదే, దెబ్బల తెలుస్తాంది."

డప్పులు దగ్గరికొచ్చాయి. ఇంకా దగ్గరికొచ్చాయి. "ఇటే వస్తున్నయ్ గదరా" అని బిక్షమ్మ ఆశ్చర్యపడుతుండగానే, దర్వాజలోంచి నలుగురు డప్పు కొడుతూ లోపలికి వచ్చేశారు. వాళ్ల వెనక చుట్టాలు, పక్కింటివాళ్లు, పాత వాడకట్టు ఆడవాళ్లు. ఏళ్ల తరబడి గడప తొక్కనివాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటూ వచ్చారు. బిక్షమ్మకు విషయం అర్థమైంది. లేచి అరుస్తుందనుకున్నాడు లింగస్వామి. ఆమె చటుక్కున దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

కారణం ఉంది. వీధి చివరినుంచి కూతురు గొంతు వినిపించింది.

శ్రీదేవి పుట్టింటికి వచ్చి ఏడాది దాటింది. తనకు ఒక్క మాట చెప్పకుండా, తాను పుట్టిన ఇంటిని అన్న కూలగొట్టాడని ఆమె కోపం. ఫోన్ చేసినా ఎత్తలేదు, తల్లికి బాగా లేదని కబురు పెట్టినా నమ్మలేదు. ఇప్పుడు బస్సు దిగిన దగ్గరినుంచి రొమ్ము కొట్టుకుంటూ, రాగం తీస్తూ వస్తోంది.

"ఓ యమ్మో... నన్ను గన్న తల్లీ... మట్టి దొక్కి గోడ వెడ్తివి గదనే అమ్మా... సల్లటి ఇంట్ల నన్ను సాదితివి గదనే... ఆ ఇల్లు గూలగొట్టి నిన్ను పరాయింట్ల పండవెట్టిరా నా తల్లీ..."

"శ్రీదేవీ, అమ్మ బతికే..." అని లింగస్వామి లేవబోయాడు. దుప్పటి కిందినుంచి ఒక సన్నని చెయ్యి వచ్చి అతని పంచె పట్టుకుంది.

"ఆగురా" అంది తల్లి గుసగుసగా. "జర ఇననియ్యి. పోయినంక ఏడిస్తె నాకు ఇనవడ్తదా?"

లింగస్వామి అలాగే నిలబడిపోయాడు. చెల్లెలు మంచం పట్టె మీద తల వాల్చి, ఒక్కొక్కటే చెప్పుకుని ఏడ్చింది. అమ్మ కూలికి పోయి తెచ్చిన జొన్నలు, అమ్మ వేసిన జడలు, జ్వరమొస్తే రాత్రంతా అమ్మ ఒళ్లో పెట్టుకున్న తల. దుప్పటి కింద గుండె మీద చేతులు మెల్లగా కదులుతున్నాయి. వినేవాళ్లంతా ఏడ్చారు. లింగస్వామి కూడా నిజంగానే ఏడ్చాడు. తల్లి బతికి ఉందని తెలిసి కూడా అంత ఏడుపు ఎందుకొచ్చిందో అతనికే తెలియలేదు. వారం పోతే ఇదే ఏడుపు ఏడవాలని లోపల ఎక్కడో తెలుసు గనక వచ్చిందేమో.

"నీ కాళ్ల కడియాలు తీసి నన్ను బడికి తోలితివి గదనే అమ్మా..."

"కడియాలు గాదే బిడ్డా, పట్టీలు" అంది దుప్పటి.

డప్పులు ఆగాయి. మైసయ్య రెండడుగులు వెనక్కి వేసి ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయాడు. శ్రీదేవి కళ్లు తేలేసింది. ప్రమీల తెచ్చిన కుండలో నీళ్లన్నీ ఆమె మొహం మీదే అయిపోయాయి. తెలివి రాగానే తల్లి భుజం మీద రెండు దెబ్బలు వేసింది. "సచ్చినట్టు జేసి నన్ను సంపుతవా? నా పానం పోతుండె గదనే!" అంటూనే ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, ఇందాకటి కంటే గట్టిగా ఏడ్చింది.

"ఊకో బిడ్డా, ఊకో" అంది బిక్షమ్మ. "మంచిగ ఏడ్చినవ్. నా మనసు నిండింది."

అప్పుడొచ్చింది సుస్మిత, చేతిలో దండతో. మంచం మీద కూర్చుని పేలాలు చప్పరిస్తున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వెంటనే తేరుకుని సార్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఆమె బతికే ఉన్నది సార్... లేదు సార్, ఇంకెవ్వరు పోలేదు... ఏమో సార్, డప్పులు మాత్రం వచ్చినయ్..."

సార్ నమ్మలేదు. పొద్దున పోయిన మనిషి మధ్యాహ్నానికి ఎట్లా వస్తుంది, బిల్లు కోసం ఎవరినో కూర్చోబెట్టారేమోనని ఆయన అనుమానం. ఆమె తన నోటితో మాట్లాడే వీడియో పంపమన్నాడు. తాజుద్దీన్ వచ్చి బిక్షమ్మను ఎత్తి దర్వాజ ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. లింగస్వామి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఒక పక్కన, శ్రీదేవి ఒక పక్కన పట్టుకున్నారు. ఊరంతా వెనక నిలబడింది.

"అవ్వా, బతికే ఉన్ననని చెప్పు" అంది సుస్మిత ఫోన్ పైకెత్తి.

"నాయినా, నేను బిక్షమ్మను. బతికే ఉన్న" అంది ఆమె, ఫోన్‌లోపల ఎవరో కూర్చున్నట్టు అటే వంగి. "గోడలు లేసినయ్. స్లాబు పడేదాక ఉంటా. జర తొందర చెయ్యి బిడ్డా, ఇంక నా వల్ల గాదు."

చివరి మాటకు ఎవరూ నవ్వలేదు. సుస్మిత ఫోన్ దించింది.

"గా దండ తెచ్చినవ్ గద, వాడిపోతది. నా మెడల ఎయ్యరాదు" అంది బిక్షమ్మ.

"వద్దవ్వా. దండతోని ఫోటో పోతె సార్ మళ్ల పోయినవనుకుంటడు" అని సుస్మిత దాన్ని దర్వాజకు కట్టింది. చూసేవాళ్లకు అది గృహప్రవేశంలాగే కనబడింది. ఫోటో పైకి పోయింది. ఫోన్‌లో పచ్చ గుర్తు వెలిగింది.

జనం పలచబడ్డాక గుర్వయ్య వచ్చాడు. ఎవరో చెప్పారట. కుంటుకుంటూ వచ్చి, బిక్షమ్మను చూసి, అక్కడే గోడకు ఆనుకున్నాడు. వాకిట్లో పెట్టించిన సామాను సంగతి, కడిగిన గది సంగతి, భువనగిరి బస్సు సంగతి తానే చెప్పుకున్నాడు.

"నా నోరు పడిపోను. నా కండ్లతోని చూసిన అక్కా, గందుకే... నడువు, నేనే తాళం తీస్త. నీ గది నీదే."

"నీ తప్పేం లేదు గుర్వయ్యా. మేం ఎల్లిన తీరే గట్లున్నది" అంది బిక్షమ్మ. "కని నేను రాను. అందరేడ్సి సాగదోలినంక మళ్ల కిరాయింటికి ఏం మొఖం పెట్టుకొని వస్త? గిక్కడ్నే ఉంట. నా ఇల్లే గద."

ఎంత చెప్పినా వినలేదు. తాజుద్దీన్ గోడల మీద అడ్డంగా సెంట్రింగ్ చెక్కలు వేసి, పైన నీలం టార్పాలిన్ కట్టాడు. గుర్వయ్య గదిలో ఉండిపోయిన ఫోను తెచ్చిచ్చి, తన ఇంటినుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి, పక్కింటినుంచి వైరు లాగి పెట్టాడు. శ్రీదేవి అక్కడే ఉండిపోయింది. అన్నాచెల్లెళ్లు తల్లికి చెరో పక్కన కూర్చుని, కూలగొట్టిన ఇంట్లో ఏది ఎక్కడుండేదో చెప్పుకుంటూ, ఏడాదిగా దాచిన కోపాలన్నీ అక్కడే కడిగేసుకున్నారు. బిక్షమ్మ రోజుకొక గోడను చూసి ఏదో ఒక వంక పెట్టేది. తాజుద్దీన్ ప్రతి వంకకూ "సరే పెద్దమ్మా, ఆగయా" అని తాపీ పట్టుకుని వచ్చేవాడు. టార్పాలిన్‌కు ఒక మూల చిరుగు ఉండేది. దాంట్లోంచి పడే ఎండను చూసి పొద్దు ఎంతెక్కిందో చెప్పేది. ఆ రోజుల్లో ఆమె మొహంలో దిగులన్నది లింగస్వామి చూడలేదు.

కొంచెం కోలుకుందనిపించి, పిల్లలను చూసి రేపు వస్తానని శ్రీదేవి సాయంత్రం బస్సుకు హుజూర్‌నగర్ పోయింది. మర్నాడు పొద్దున లింగస్వామి పాల పాకెట్ తెచ్చేసరికి, తల్లి పొయ్యి మూల వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. పాల పాకెట్ చేతిలోనే ఉండిపోయింది.

ప్రమీల ఏడుపు విని పక్కింటివాళ్లు కిటికీలోంచి చూసి, "ఇయ్యాల మళ్ల ఏం ఫోటో?" అని నవ్వి లోపలికి పోయారు. లింగస్వామి మైసయ్యకు ఫోన్ చేశాడు. "నీకు దండం బెడ్త అన్నా, మొన్నటి భయానికే జ్వరమొచ్చింది" అని మైసయ్య పెట్టేశాడు. మేనమామ కొడుక్కు చేస్తే, "ఈసారి స్లాబు ఫోటోనా?" అని అడిగాడు. లింగస్వామికి కోపం రాలేదు. వాళ్ల నవ్వులో తప్పేముంది? చివరికి చెల్లెలికి చేశాడు.

"అమ్మ పోయింది శ్రీదేవీ."

"పో అన్నా, నీకు పొద్దుగాల్నే ఆటలు. అమ్మకియ్యి ఫోను, మాట్లాడుత."

అతను ఫోను చెవి దగ్గర అలాగే పెట్టుకున్నాడు.

"అమ్మకియ్యి అన్నా" అంది శ్రీదేవి మళ్లీ. "అన్నా..."

మొదట వచ్చినవాడు గుర్వయ్య. చెప్పులు దర్వాజ బయట విడిచి, లోపలికొచ్చి, ఒక్క చూపు చూసి కూలబడ్డాడు.

"అందరికి జర నువ్వు చెప్పు సారూ, నేను చెప్తె నవ్వుతున్నరు" అన్నాడు లింగస్వామి.

"నేను చెప్తె అస్సలే నమ్మరు కొడుకా" అన్నాడు గుర్వయ్య కళ్లు తుడుచుకుంటూ.

అలా ఊరు నమ్మేసరికి మధ్యాహ్నమైంది. శ్రీదేవి వచ్చింది. ఈసారి ఆమె నోట రాగం రాలేదు, తల్లి కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుంది. సుస్మిత వచ్చి, గోడల బిల్లు పాసైందని నిన్ననే మెసేజ్ వచ్చిందని, అవ్వకు చెబుదామని ఇవాళ రావాలనుకున్నానని చెప్పి ఏడ్చింది. బిక్షమ్మను ఇచ్చిన మాట ప్రకారం ఆ జాగాలోంచే, కొత్త దర్వాజ దాటించి ఎల్లదీశారు. ముందు లింగస్వామి, తాజుద్దీన్ భుజం పట్టారు. వెనక మోకాళ్ల సంగతి మరిచిపోయి గుర్వయ్య పట్టాడు.

మట్టి చేసి వచ్చాక గుర్వయ్య అయ్యగారికి ఫోన్ చేశాడు. ఊరందరికీ ఫోన్లు చేసే మనిషే గదా, ఇదీ ఆయన పనే అనుకున్నారంతా. అయ్యగారు పంచాంగం చూసి చెడు నక్షత్రమే అన్నాడు. తర్వాత, స్లాబు పడిందా అని అడిగాడు. పడలేదని విని తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. గుర్వయ్య ఫోన్ పెట్టేసి సంతోషంగా చెప్పాడు.

"ఫికర్ లేదు లింగస్వామీ! కప్పు లేదు గద, గందుకని అది ఇల్లు కిందికి లెక్కకు రాదంట. దోషం లేదు, పాడువెట్టుడు లేదు. దినాలు కాంగనే స్లాబు పోసుకోవచ్చు."

"బిల్లు కూడ మీ పేరు మీదికి మార్పిస్త అన్నా. పని ఆపకుంటె చాలు" అంది సుస్మిత.

అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. లింగస్వామి మాత్రం గోడల వైపే చూస్తున్నాడు.

"ఇల్లు కిందికి రాదా? మరి మా అమ్మ ఏడ పోయినట్టు సారూ? బజార్ల పోయిందా?"

"గట్ల గాదు లింగస్వామీ, అయ్యగారు నీ మంచికే..."

"నా ఇల్లే గద అని వచ్చింది సారూ. ఇల్లేనని నవ్వుకుంట పండుకున్నది. ఇయ్యాల అది ఇల్లు గాదంటె నేను మాట తప్పినట్టే గద? మా అమ్మ ఆమె ఇంట్లనే పోయింది. చెడు నక్షత్రమైతె చెడు నక్షత్రమే. ఆరు నెలలు పాడువెడ్త."

"పాగల్ అయినవా భాయ్? వానలొస్తున్నయ్. గోడలు నానుతయ్, బిల్లు ఆగుతది" అన్నాడు తాజుద్దీన్.

"ఆగనియ్యి."

ప్రమీల ఏమైనా అంటుందేమోనని అందరూ ఆమె వైపు చూశారు. ఇంటి కోసం అందరికంటే ఎక్కువ రాళ్లు మోసింది ఆమె. ఆమె పోయి, తాజుద్దీన్ కట్టిన టార్పాలిన్ విప్పి మడత పెట్టింది. శ్రీదేవి చెలకలోకి పోయి తుమ్మ కంప కొట్టుకొచ్చింది. తలుపు లేని దర్వాజకు, వాడిపోయిన బంతిపూల దండ కింద, అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి ఆ కంపను అడ్డం పెట్టారు. గుర్వయ్య తన గది తాళం తీసి, బయటపెట్టిన సామాను తానే ఒక్కొక్కటిగా లోపలికి మోశాడు.

ఆ ఏడు మిరుగు కార్తె వానలు బాగానే పడ్డాయి. ఆరు నెలలపాటు ఆ ఇంట్లోకి అవి తప్ప ఇంకెవరూ పోలేదు.